ఎదురుకాళ్ల సోమక్క మెడ

కొంటా సంత నుంచి ఎర్రబోరు వైపు బయల్దేరిన జీపులో ఆ రోజు పందొమ్మిది మంది మనుషులు, ఆరు కోళ్లు, ఒక మేక ఉన్నారు. దారిలో వెదురు లారీ ఒకటి వెనకనుంచి వచ్చి, గేదె దూడను మూతితో నెట్టినట్టు, జీపును ఒక్క నెట్టు నెట్టింది. జీపు పోయి ముక్కుతో కాలవలో కూర్చుంది. మనుషులు ఒకరి మీంచి ఒకరు లేచారు. దుమ్ము దులుపుకున్నారు. ఎవరి మూట వాళ్లు వెతుక్కున్నారు. ఎవరికీ చుక్క నెత్తురు రాలేదు. చచ్చిపోయింది కోస అనే అతని మేక ఒక్కటే. అందుచేత ఆ సాయంత్రం ఊరి జాలంతా మేకకే దక్కింది. పొద్దుగూకేసరికి మేక కూడా ఊరందరికీ తలా ఇంత దక్కింది.

ముందు సీట్లో డ్రైవరు ఎర్రయ్య పక్కన కూర్చున్న సోమక్కను మాత్రం, నీకేమైనా తగిలిందా అని ఎవరూ అడగలేదు. మంగలిని నీకు జుట్టు పెరిగిందా అని ఎవరడుగుతారు?

అవి ఇనుపకొండ మీద గనులు మొదలై పద్దెనిమిదేళ్లయిన రోజులు. బస్తరు ఇంకా ఒకటే జిల్లా. గనుల కాలనీలో పెద్ద ఆస్పత్రి ఉన్నమాట నిజమే కాని, అది ఎర్రబోరుకు ఒక పగటి ప్రయాణం. నడుం పట్టేసినా, మెడ బెణికినా, కావడి మోసి భుజం నొచ్చినా ఆ రోడ్డు మీది ఊళ్లవాళ్లు వచ్చేది ఎర్రబోరులో సోమక్క వాకిట్లోకి. ఆమె తల్లి కడుపులోంచి కాళ్లు ముందుపెట్టి బయటికొచ్చింది. అలా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల పాదం తగిలితే పట్టు వదులుతుందని శబరి ఏటికి ఇవతలా అవతలా అందరూ నమ్ముతారు. "పుట్టేటప్పుడు నన్ను సంపబోయినవ్, ఇగ బతికినందుకన్నా పనికిరా" అని తల్లి ఆమెను ఎనిమిదో ఏట తన నడుం మీద నిలబెట్టింది. ఆ నడుం బాగయింది. అప్పటినుంచి నలభై నాలుగేళ్లుగా ఆ ఎడమకాలికి తీరిక లేదు.

తన్నడం అని పేరే గాని సోమక్క తన్నదు. మనిషిని తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, నొప్పి ఉన్నచోట ఎడమ మడమ ఆనించి మూడుసార్లు మెత్తగా నొక్కుతుంది. ఆ తర్వాత పథ్యం చెబుతుంది. ఇరవై ఒక్క రోజులు నెత్తిన గాని భుజాన గాని బరువు పెట్టకూడదు. రెండు పూటలా వేడి ఇసుక మూటతో కాపడం పెట్టుకోవాలి. మూడో రోజు నుంచి మెడను అటూ ఇటూ మెల్లగా, కొమ్మ మీది కాకిని చూసినట్టు తిప్పాలి. ఈ పథ్యం ఆమెకు మంత్రసాని అయిన మేనత్త నేర్పింది. "పథ్యం తప్పితే నా పాదం ఉసురు తగుల్తది" అని చివర బెదిరించడం మాత్రం సోమక్క సొంత కల్పన. మొదట్లో జనం కాలు పెట్టించుకుని, ఇంటికి పోతూ పోతూనే కట్టెల మోపు ఎత్తుకునేవాళ్లు. మళ్లీ నొప్పి వస్తే కాలును తిట్టేవాళ్లు. బెదిరింపు కలిపిన నాటినుంచి కాలుకు పేరొచ్చింది.

ఆ పేరుకు ఉన్న చిక్కల్లా బుల్లమ్మ. బుల్లమ్మది భేజ్జి ఊరు. ఆమె కూడా ఎదురుకాళ్లతో పుట్టిందనే చెబుతారు. పదకొండేళ్ల కిందట ఒక పెళ్లి పందిట్లో, పదిమంది వినేలా, సోమక్క అన్నది: "బుల్లమ్మ వచ్చింది కాళ్లతోని గాదు, పిర్రలతోని. మంత్రసాని మా మేనత్తే, నాకు తెల్వదా!" అంతే. మళ్లీ ఇద్దరికీ మాటల్లేవు. రోడ్డు మీది ఊళ్లు సోమక్కకు, భేజ్జి వైపు అడవి ఊళ్లు బుల్లమ్మకు అన్నట్టు ఎవరూ చెప్పకుండానే సరిహద్దు పడిపోయింది. ఆ రోజు జీపులో బుల్లమ్మ కూడా ఉంది, వెనక చివరి బల్ల మీద, స్టెప్నీ టైరుకు ఆనుకుని. జీపు కాలవలో కూర్చున్నాక ఆమె లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా భేజ్జి దారి పట్టింది. సోమక్క చూడనట్టు చూసింది.

మెడతో చివరిసారి వెనక్కి తిరిగి చూసింది అప్పుడే.

మర్నాడు పొద్దున లేచేసరికి సోమక్క మెడ లేదు. అంటే ఉంది గాని కదలదు. తలకూ భుజాలకూ మధ్య ఎవరో రాత్రికి రాత్రి రోకలి దిగేసినట్టుంది. లేవడానికి ఆమె రెండు చేతులతో తన తలను తానే, గుమ్మడికాయను ఎత్తినట్టు ఎత్తుకుని లేచింది. మొగుడు సీతయ్య వాకిట్లో చుట్ట వెలిగించుకుంటూ చూశాడు.

"ఏందే, నాతో మాట్లాడుకుంట ముఖం ఆవు దిక్కు పెట్టినవ్?"

"ఆవే నీకంటె నయంగున్నది గనుక."

"ఆవు నయమే. దానికి మెడన్న తిరుగుతది."

ఆమె ఒంటిని మొత్తంగా, బండిని తిప్పినట్టు, అతని వైపు తిప్పింది. "ఈ మాట గడప దాటిందో, నీ నోట్లో చుట్ట ఉండదు, నా కాలుంటది" అన్నది.

సీతయ్య మంచివాడు. పెళ్లయిన నాటినుంచి ఆ కాలు పేరు మీద ఊళ్లో అతనికీ ఒక మర్యాద ఉంది. నోరు మూసుకున్నాడు.

గడప దాటకూడని మాటే అది. సోమక్క మెడ పట్టిందట అని ఒక్కరికి తెలిసినా, తన మెడ తిప్పుకోలేనిది మన నడుం ఏం తిప్పుతుంది అంటారు. ఆ మాట భేజ్జి చేరితే బుల్లమ్మ కోడిని కోసి పండగ చేసుకుంటుంది. నలభై నాలుగేళ్ల కాలి పేరు ఇప్పుడు ఒక్క మెడ మీద నిలబడి ఉంది.

ఆమె ఇంకా ముఖం కడుక్కోకముందే జీపు జనం దిగారు. ముందు రోజు దులుపుకుని పోయినవాళ్లందరూ పొద్దున్నే కొయ్యలై లేచారు. ఒకరికి భుజం, ఒకరికి నడుం, నలుగురికి మెడ. కోస అయితే మేక పోయిన దుఃఖం ఒక పక్కా, నడుం నొప్పి ఇంకో పక్కా ఏడుస్తూ వచ్చాడు. మొత్తం పదకొండు మంది, తూర్పు ముఖంగా వరసగా కూర్చున్నారు.

సోమక్క కాలెత్తింది. మడమ నొక్కిన ప్రతిసారీ ఆ పోటు వెన్నులోంచి ఎగబాకి మెడలో గునపమై దిగింది. పదకొండు మంది, మనిషికి మూడేసి నొక్కులు. అయిదో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"సూడుండ్రి" అన్నది వరసలో కూర్చున్న ముసలి ఇర్మె, గొంతు తగ్గించి. "మన నొప్పి సూసి అక్క ఎట్లేడుస్తున్నదో."

"ఎన్నడన్న ఏడ్చిందా ఇట్ల?" అన్నాడు కోస.

"ఏడ్వలే. మెడ సూడు, ఎట్ల నిలబెట్టిందో. అక్క మీద తల్లి నిలిచింది."

మధ్యాహ్నానికి ఆ మాట ఊరు చుట్టేసింది. సోమక్క నీళ్లకు పోతే బోరింగు దగ్గర ఆడవాళ్లు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఆమె ఎవరినీ చూడకుండా, తల వంచకుండా, ఊరేగింపులో విగ్రహంలా నడిచింది. ఒకామె దండం కూడా పెట్టింది. ఇంటికొచ్చాక దేవత చాలాసేపు చెప్పుల కోసం కాళ్లతో తడుముకుంది.

"నీ కాళ్ల ముందరే ఉన్నయ్ తల్లీ" అన్నాడు సీతయ్య. "కిందికి సూస్తే కనబడ్తయ్. దేవతలు కిందికి సూడరంటే జెప్పు, నేనే తెస్త."

చిన్నకోడలు హుంగేకు మాత్రం ఈ మహిమ పట్టలేదు. ఇప్పపువ్వు రాలే రోజులు. తెల్లవారకముందే అడవికి పోయి, వంగి వంగి ఏరి, గంప నెత్తిన పెట్టుకుని రావాలి. "జీపుల పడ్డవని రెండు దినాలు ఊరకున్న అత్తా. నెత్తురన్న వచ్చిందా? తోలన్న లేచిందా?" అని అడిగింది. నొప్పి ఉన్నదని చెప్పుకోవడానికి లేదు, చెప్పినా చూపించడానికి గాయం లేదు.

మూడో రోజు ఆమె మనవణ్ని చూసి వస్తానని చెప్పి బస్సెక్కింది. పెద్దకొడుకు రామనర్సయ్య గనుల్లో కూలీగా చేరి, కాలనీ పక్కన గుడిసె వేసుకుని ఉంటున్నాడు. తల్లి బస్సు దిగిన తీరు చూసి, సంగతి వాడికి ఆమె నోరు తెరవకముందే తెలిసిపోయింది. మర్నాడు గనుల ఆస్పత్రికి తీసుకెళ్లి మెడకు ఎక్స్‌రే తీయించాడు. డాక్టరు గోదావరి జిల్లా మనిషి. ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూశాడు.

"ఎముక బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాడు.

"ఎముక సంగతి ఎవలడిగిండ్రు సాబ్? నొప్పి సంగతి జెప్పుండ్రి."

"ఏం లేదంటున్నడే అవ్వా" అన్నాడు రామనర్సయ్య, తెలుగుకు తెలుగు అనువాదం చేస్తూ.

"ఏం లేకపోతే నొప్పి యాడికెల్లి వచ్చిందిరా? నేనేమన్న సంతల కొనుక్కొచ్చిన్నా?"

డాక్టరు నవ్వి ఫిల్మును బల్ల మీద పెట్టాడు. "ఇందులో ఎముక ఒక్కటే పడుతుందమ్మా. కండ పడదు, ఎముకను పట్టి ఉంచే పీచు పడదు. మీకు దెబ్బ తగిలింది అక్కడ. లారీ గుద్దినప్పుడు మీ ఒళ్లు సీటుతో ముందుకు పోయింది, తల వెనక ఉండిపోయింది. తర్వాత ఒళ్లు ఆగింది, తల ఆగలేదు. ఆ లాగుడుకు లోపల మెత్తటిదంతా సాగింది. ఇలాంటి నొప్పి చాలాసార్లు మర్నాడే బయటపడుతుంది."

"మరి మందు?"

"నొప్పికి మాత్ర ఇస్తాను. అసలు మందు ఏమిటంటే, మూడు వారాలు నెత్తిన బరువు పెట్టొద్దు. వేడి కాపడం పెట్టండి. అలాగని మెడను కట్టేసినట్టు ఉంచొద్దు, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ ఉండాలి."

సోమక్క కొడుకు వైపు మొత్తంగా తిరిగింది. "నా పథ్యం ఈయనకెవలు జెప్పిండ్రురా?"

"ఆయన సదువుకున్నడే."

"నేను సదువుకోకుంటనే జెప్పిన గద." ఆమె మళ్లీ డాక్టరు వైపు తిరిగింది. "మరి జనం ఇంటరా సాబ్, మీ మాట?"

"వినరు" అన్నాడు డాక్టరు. మెడకు కట్టుకునే దళసరి పట్టా ఒకటి సొరుగులోంచి తీసి ఇచ్చాడు. "అందుకే ఇది. నాలుగు రోజులు, నొప్పి మరీ ఎక్కువున్నప్పుడు పెట్టుకోండి. నిజం చెప్పాలంటే ఇది సగం మెడకు, సగం ఇంట్లోవాళ్లకు. ఇది కనబడితేనే దెబ్బ తగిలిందని నమ్ముతారు."

సోమక్కకు ఆ డాక్టరు మీద గౌరవం కలిగింది. ఇతనికీ ఒక కాలు ఉన్నదన్నమాట అనుకున్నది.

కాని ఆ పట్టాను ఎర్రబోరులో మెడకు కట్టుకుని తిరగడమంటే డప్పు కొట్టి చెప్పుకోవడమే. అయిదో రోజు ఇంటికొచ్చాక, అదేంటని కోడలు అడిగితే, "గనులకాడ అమ్మే చుట్టకుదురు. బిందె కింద పెట్టుకోనీకి" అన్నది. హుంగే సంతోషపడి దాన్ని నెత్తిన పెట్టుకుని బిందె ఎత్తుకుపోయింది. అత్త మెడకు రావలసిన సుఖమంతా ఆ బిందె అనుభవించింది.

ఆరో రోజు తెల్లవారుజామున సోమక్క తప్పించుకోలేక ఇప్పపువ్వుకు పోయింది. వంగి ఏరడం కుదరక, చెట్టు కింద కూలబడి, జరుగుతూ జరుగుతూ ఏరింది. గంప నెత్తిన పెట్టుకుని ఇల్లు చేరేసరికి కళ్ల ముందు చుక్కలు. అప్పుడే డ్రైవరు ఎర్రయ్య వాకిట్లో తూర్పు ముఖంగా కూర్చుని ఉన్నాడు. జీపును కాలవలోంచి లాగించే పనిలో పడి అతను ఇన్నాళ్లూ తన మెడను పట్టించుకోలేదు. రెండేళ్ల కిందట అతని భుజం సోమక్కే బాగుచేసింది. ముందు సీటు ఆమెకు ఆ రోజునుంచే రాసిచ్చాడు.

సోమక్క గోడ పట్టుకుని కాలెత్తబోయింది. జానెడు లేచింది. ఆ పైన లేవలేదు.

"ఇయ్యాల గాదు ఎర్రయ్యా" అన్నది ఊపిరి బిగబట్టి. "అమాస. అమాసనాడు కాలెత్తరాదు."

ఎర్రయ్య లేచాడు గాని అక్కడే నిలబడి బుర్ర గోక్కున్నాడు. "ఏమనుకోకు అక్కా. నిన్న భేజ్జి దిక్కు కిరాయి పోయి బుల్లమ్మను అడిగిన. ఆమె గూడ గిదే జెప్పింది. నిన్ననే అమాస అన్నది."

సోమక్క గోడ వదిలి అతని వైపు మొత్తంగా తిరిగింది. "ఇంకేం జెప్పింది?"

"ఏం మాట్లాడతది? ఆమె మీద గూడ తల్లి నిలిచిందంట. వారం సంది కూసుంటలేదు, వంగుతలేదు. నిలబడే తింటున్నదంట, గుంజ లెక్క. ఆ ఊరోళ్లు కొబ్బరికాయలు గొడ్తున్నరు."

సోమక్క నవ్వింది. ఆ నవ్వు మెడలో ఎక్కడ తగలాలో అక్కడ తగిలి, కెవ్వుమని ఆగింది. స్టెప్నీ టైరు గుర్తుకొచ్చింది. ఆ మహిమ ఎలాంటిదో ఈ బస్తరు మొత్తంలో తెలిసిన మనిషి తను ఒక్కతే. కాదు, ఇంకో మనిషి కూడా ఉంది.

మర్నాడు మళ్లీ కొంటా సంత. ఉప్పు అమ్మే వెంకటనారాయణ దుకాణం వెనక, గోనె సంచుల మధ్య, ఇద్దరూ ఎదురుపడ్డారు. ఒకామె ఒంటిని మొత్తంగా తిప్పుతూ వచ్చింది. ఇంకొకామె వెదురుబొంగు నడిచొచ్చినట్టు వచ్చింది. పదకొండేళ్ల తర్వాత మొదటి మాట సోమక్కే అన్నది.

"కూసో బుల్లమ్మా."

"నువ్వే కూసో."

"నువ్వు కూసోలేవు. నాకెరుకే."

"నువ్వు పక్కకు సూడలేవు. నాకూ ఎరుకే."

సోమక్క ఒక ఉప్పు మూట చుట్టూ తిరిగి ఇంకా దగ్గరికొచ్చింది.

"మొన్న అమాస ఎట్లయిందే నీకు?" అన్నది సోమక్క.

"నీకు నిన్న ఎట్లయిందో నాకు మొన్న అట్లయింది."

"నా మెడకు కాలు పెట్టు. నీ నడుంకు నేను పెడ్త."

"పెడ్త" అన్నది బుల్లమ్మ. "ముందుగాల జెప్పు. నేను ఏంటితోని పుట్టిన?"

సోమక్క పళ్లు కొరికింది. "కాళ్లతోని."

"ఎవలు జెప్పిండ్రు?"

"మా మేనత్త."

"పదకొండేండ్ల కింద పిర్రలన్నది గద మీ మేనత్త?"

"ముసల్దానికి సూపు ఆనేది కాదు."

"గట్ల గాదు, గట్టిగ జెప్పు. పెండ్లి పందిట్ల ఎంత గట్టిగ జెప్పినవో అంత గట్టిగ."

ముందువైపు సంతంతా ఉంది. వెంకటనారాయణ తక్కెడ పట్టుకుని అప్పటికే చెవి ఇటు వేశాడు. గట్టిగా అంటే అందరూ వస్తారు. వస్తే, ఎందుకన్నావని అడుగుతారు. అడిగితే మెడ సంగతి చెప్పాలి. నలభై నాలుగేళ్ల పేరు. సోమక్క ఆలోచించింది. ఆలోచిస్తూ పొరపాటున, అలవాటుకొద్దీ, తల ఊపబోయింది. ఆ పోటుతో నిర్ణయం దానంతటదే బయటికొచ్చింది.

"బుల్లమ్మ కాళ్లతోనే పుట్టింది!" అని అరిచింది. "నా మెడ పట్టింది! బుల్లమ్మ కాలు పెడ్తది! సూసేటోళ్లు వచ్చి సూడుండ్రి!"

వచ్చారు. కూరగాయల బేరాలు ఆగిపోయాయి. వెంకటనారాయణ ఖాళీ గోనె పరిచాడు. సోమక్క దాని మీద బోర్లా పడుకున్నది. బుల్లమ్మకు నడుం వంగదు కనుక కాలు లేవదు. ఒక చెయ్యి వెంకటనారాయణ భుజం మీద, ఒక చెయ్యి సంతకు పెళ్లాం వెంట వచ్చిన సీతయ్య భుజం మీద వేసి, "అమ్మో, అయ్యో" అనుకుంటూ ఆమె ఎడమకాలును నేలకు జానెడు ఎత్తున తేల్చింది. మడమ వచ్చి మెడ మీద వాలింది. మూడుసార్లు. పిచ్చుక వాలినంత మెత్తగా. దీనికి నేను వంక పెట్టలేను అనుకున్నది సోమక్క, గోనెలో మూతి పెట్టి.

తర్వాత బుల్లమ్మ దుకాణం గుంజను కావలించుకుని నిలబడింది. సోమక్కను సీతయ్య, జీపు తోలుకొచ్చిన ఎర్రయ్య కలిసి పట్టుకుంటే, ఆమె ఆ నడుం మీద కాలు ఆనించింది. జనంలో ఎవరో దండం పెట్టారు. ఎవరో నవ్వారు. దండం పెట్టినవాళ్లే నవ్వారని సీతయ్య తర్వాత చెప్పాడు.

"ఇరవై ఒక్క దినాలు బరువెత్తకు" అన్నది బుల్లమ్మ. "ఇసుక కాపడం పెట్టు. మెడను మెల్లగ తిప్పు, కొమ్మ మీది కాకిని సూసినట్టు."

"ఆ కాకి నాది!" అన్నది సోమక్క.

"నీదెట్లయితది? మీ మేనత్తే నాకు గూడ జెప్పింది. పథ్యం తప్పితే మూతి వంకర పోతది, ఇన్నవా హుంగే?"

సంతకు వచ్చిన కోడలు హుంగే గబుక్కున అత్త గంపను తను అందుకుంది. ఆ రోజునుంచి ఇరవై ఒక్క రోజులు సోమక్కను అగ్గిపెట్టె కూడా ఎత్తనివ్వలేదు. చుట్టకుదురు సంగతి తెలిశాక, దాన్ని ఉతికి, ఆరబెట్టి, తనే అత్త మెడకు కట్టింది. సోమక్క మంచం మీద కూర్చుని కాకిని చూసింది. మొదటి వారం ముక్కు వరకే తిరిగింది, రెండో వారం చెవి వరకు. మూడో వారం కాకి ఎగిరిపోయి సీతయ్య కనబడ్డాడు.

"వచ్చినవా నా దిక్కు" అన్నాడు సీతయ్య.

ఇక పేరు సంగతి. సోమక్క భయపడినట్టే ఎర్రబోరు జనం, సోమక్క మెడనే తిప్పిన కాలు అది అని చెప్పి భేజ్జికి నడవడం మొదలుపెట్టారు. అదే వారంలో భేజ్జి జనం, బుల్లమ్మ నడుమునే వంచిన కాలు ఇది అంటూ ఎర్రబోరుకు వచ్చారు. దారిలో ఒకరికొకరు ఎదురుపడి, కుంటుతూనే రాంరాం చెప్పుకున్నారు. ఇద్దరి వాకిళ్లూ ఎప్పటిలాగే నిండాయి. జనానికి నడక మాత్రం పెరిగింది.

పథ్యం తీరాక వచ్చిన సంత నుంచి తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ ఒకే జీపెక్కారు. బుల్లమ్మ ఈసారి స్టెప్నీ టైరు వైపు చూడను కూడా చూడలేదు. నేరుగా వచ్చి ముందు సీటు పక్కన నిలబడింది. సోమక్క కాసేపు ఆగి జరిగింది. ఆ జరుగుడుకు ఎర్రయ్య సగం బయటికి వచ్చాడు. ఒక కాలు జీపు లోపలా, ఒక తొడ గాలిలో పెట్టుకుని ఎర్రబోరు దాకా అలాగే తోలాడు. అతని మెడ ఒక్కటే ఇంకా తిరగడం లేదు. పక్కనే రెండు పాదాలున్నాయి గాని, ఏది అడిగితే దేనికి కోపమొస్తుందో అతనికి ఇప్పటికీ తేలలేదు.